వినయం భయంలా కనిపించకుండా ఇంటర్వ్యూలో కూర్చోవడం ఎలా?

నా మొదటి ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఒంట్లో బాగోలేదా బాబూ?"

తెనాలి నుంచి రాత్రి రైల్లో నిద్ర లేకుండా వచ్చిన మాట నిజమే గానీ, ఒంట్లో బాగానే ఉంది. గదిలోకి వెళ్లి రెండు చేతులూ ముందు కట్టుకుని, తల కాస్త వంచి, బల్ల మీదున్న నీళ్ల గ్లాసు కేసి చూస్తూ నిలబడ్డాను. మాస్టారి ముందు, మేనమామల ముందు అలాగే నిలబడమని పెంచారు మరి. ఆ పెద్దమనిషికి అది జ్వరంలా కనిపించింది. ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత బల్లకు అవతలి వైపు కూర్చునే రోజులొచ్చాయి. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున కొత్తగా చదువు ముగించి వచ్చే పిల్లల్ని ఇంటర్వ్యూ చేస్తున్నాను. మన పిల్లలకు బాడీ లాంగ్వేజ్ రాదంటారు గానీ నేనొప్పుకోను. పెద్దల ముందు ఎలా మసలుకోవాలో వాళ్లకు బాగా తెలుసు. చిక్కల్లా ఏమిటంటే, ఇంట్లో మర్యాద అనిపించుకున్నవే ఇంటర్వ్యూ గదిలో భయంలానో, విషయం తెలియనట్టో కనిపిస్తాయి. అలాంటి అలవాట్లు నాలుగైదు ఉంటాయి. వాటిని సరిచేసుకుంటే చాలు, మనిషి మొత్తం మారిపోనక్కర్లేదు.

ముందు ఒక అబద్ధాన్ని పక్కన పెడదాం

అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్ మెట్లెక్కినా ఒక లెక్క చెబుతారు: మన మాటలకు విలువ 7 శాతం, గొంతుకు 38, ఒంటికి 55 అని. ఈ లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. ఆయన పరీక్షించింది వేరే సంగతి. ఒక మనిషి మాట ఒకటి, ముఖం ఇంకొకటి చెబుతున్నప్పుడు, అతనికి మన మీద ఇష్టం ఉందా లేదా అన్నది వినేవాళ్లు దేన్నిబట్టి తేల్చుకుంటారని చూశాడు. అందులో వాడినవి విడివిడి పదాలు. దీన్ని అన్ని రకాల సంభాషణలకూ అంటగట్టొద్దని తర్వాత ఆయనే చెప్పాడు. కాబట్టి జావా లాంటి ప్రోగ్రామింగ్ భాష రాకపోయినా నిటారుగా కూర్చుంటే నెట్టుకొచ్చేయొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

అలాగని తొలిచూపును తీసిపారేయడానికీ లేదు. 2006లో ప్రిన్‌స్టన్ యూనివర్సిటీలో జానైన్ విల్లిస్, అలెగ్జాండర్ తొదొరోవ్ కలిసి ఒక ప్రయోగం చేశారు. తెలియని ముఖాన్ని సెకనులో పదో వంతు చూపిస్తే చాలు, జనం ఈ మనిషి నమ్మదగ్గవాడా, సమర్థుడా అని ఒక అభిప్రాయానికి వచ్చేశారు. ఇంకాసేపు చూపిస్తే అభిప్రాయం పెద్దగా మారలేదు, దాని మీద వాళ్ల ధీమా మాత్రం పెరిగింది. ఇంటర్వ్యూ చేసేవాళ్లమూ మనుషులమే కదా. మీ జవాబులు ఆ తొలి అభిప్రాయాన్ని మార్చగలవు. కానీ దానితో కుస్తీ పడే అవసరం లేకుండా మొదలెడితే మీకే సుఖం.

వారం ముందు: ఫోన్‌లో మిమ్మల్ని మీరు చూసుకోండి

అద్దం ముందు సాధన చేయమంటారు, నేను చెప్పను. అద్దంలో చూసుకుంటున్నంతసేపూ మనం సర్దుకుంటూనే ఉంటాం. ఫోన్‌ను బల్ల మీద దేనికైనా ఆనించి, ఎదురుగా బాబాయినో పక్కింటి అంకుల్‌నో కూర్చోబెట్టి, "నీ గురించి చెప్పు" అని అడగమనండి. మూడు నిమిషాలు రికార్డు చేయండి. స్నేహితుడి కంటే కాస్త పెద్దవాళ్లయితే మంచిది. మన అసలు అలవాట్లు బయటపడేది పెద్దల ముందే.

ఆ వీడియోను మొదట సౌండ్ ఆపేసి చూడండి. మాట వినపడకపోతే చేతులు, కాళ్లు, కళ్లు ఏం చేస్తున్నాయో ఇట్టే తెలుస్తుంది. ముక్కు రుద్దుకోవడం, వేళ్లు విరుచుకోవడం, పెన్ను టిక్కుటిక్కుమనిపించడం, నాలుకతో పెదవి తడుపుకోవడం, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. రెండోసారి ఫోన్ బోర్లించి మాట మాత్రమే వినండి. "ఆ...", "అంటే", "యాక్చువల్లీ", "బేసికల్లీ" ఎన్నిసార్లు అన్నారో వేళ్ల మీద లెక్కపెట్టండి. రెండు చేతుల వేళ్లూ చాలకపోతే కంగారు పడకండి, అందరిదీ అదే పరిస్థితి. "ఆ..." వచ్చే చోట నోరు మూసుకుని ఒక్క క్షణం ఆగడం నేర్చుకుంటే చాలు. ఆ ఆగడం మీకు యుగంలా అనిపిస్తుంది. వినేవాళ్లకు మాత్రం ఆలోచించి చెబుతున్నట్టు ఉంటుంది.

ఇలా రెండు మూడుసార్లు చేస్తే చాలు. పది దాటితే పాఠం అప్పజెప్పినట్టు తయారవుతుంది.

ముందు రోజు రాత్రి: బట్టలు, బూట్లు, ఫైలు

ఇంటర్వ్యూ కోసమే కొత్త చొక్కా కొని, పొద్దున్నే ప్యాకెట్ చింపి, గుండుసూదులు పీకి తొడుక్కొచ్చేస్తారు. ఛాతీ మీద మడతల గీతలు అలాగే ఉంటాయి. కొత్తదైనా సరే ఒకసారి ఉతికి ఇస్త్రీ చేయండి. కొత్త బూట్లయితే మూడు రోజుల ముందు నుంచే ఇంట్లో వేసుకుని తిరగండి. మడమ కొరికేస్తుంటే మొహంలో నవ్వు నిలవదు. తెల్ల చొక్కా, ముదురు రంగు ప్యాంటు, శుభ్రమైన బూట్లు ఉంటే చాలు. అలవాటు లేని టై కట్టుకుని మెడ సవరించుకుంటూ కూర్చోవడం కంటే టై లేకపోవడమే మేలు.

అమ్మాయిలకు చీరా, చుడీదారా అని అడుగుతుంటారు. ఏది కట్టుకుంటే దాని సంగతి మరిచిపోతారో అది. చున్నీకి పిన్ను పెట్టేయండి, నిమిషానికోసారి సర్దుకునే పని తప్పుతుంది. గాజుల చెయ్యి బల్ల మీద పెట్టినప్పుడల్లా గలగలమంటుంది. ఆ ఒక్క పూటకీ ఒకటో రెండో ఉంచుకోండి.

బొట్టు, విభూతి, హిజాబు, తలపాగా మీ ఇష్టం. కార్తీకంలో ఇంకో సందేహం వస్తుంది: అయ్యప్ప మాలలో ఉన్నాను, నల్ల బట్టల్లో, చెప్పులు లేకుండా వెళ్లొచ్చా అని. వెళ్లొచ్చు. దీక్షలో ఉన్నానని హెచ్‌ఆర్‌కు ముందే ఒక వాక్యం మెయిల్ పెట్టండి. చెప్పి వెళితే లోపలికి వెళ్లాక సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని ఉండదు, మీ మొహంలో ఆ ఇబ్బందీ కనిపించదు.

సర్టిఫికెట్లు, రెజ్యూమె కాపీలు, ఆధార్ ఒకే ఫైల్లో, అడిగే వరుసలో పెట్టుకోండి. "ఒక్క నిమిషం సర్" అంటూ బ్యాగు అడుగు దాకా వెతుక్కుంటూ కనిపించడం కూడా తొలిచూపులో భాగమే.

గేటు దగ్గరే మొదలవుతుంది

పది గంటలకు ఇంటర్వ్యూ అంటే పది గంటలకు గేటు దగ్గర ఉండటం కాదు. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు పెద్ద క్యాంపస్‌లలో సెక్యూరిటీ దగ్గర ఆధార్ చూపించాలి, ఫొటో దిగాలి, బ్యాగు స్కాన్ చేయించాలి, లాప్‌టాప్ ఉంటే దాని నంబరు రాయించాలి, మెడలో విజిటర్ ట్యాగు వేసుకోవాలి, ఆ తర్వాత లిఫ్టు కోసం వరుసలో నిలబడాలి. నాగోలు నుంచి వచ్చే మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది. అక్కడి నుంచి షటిల్ బస్సో ఆటోనో చూసుకోవాలి. గేటు దగ్గరికి 45 నిమిషాలు ముందే చేరేలా బయల్దేరండి.

లోపలికెళ్లగానే రెస్ట్‌రూమ్‌కి వెళ్లి మొహం కడుక్కోండి. బైక్ మీద వచ్చినవాళ్లు హెల్మెట్‌కు అణిగిపోయిన జుట్టు దువ్వుకోండి. చెమట వాసన తుడుచుకోండి గానీ బాటిల్లో సగం సెంటు కుమ్మరించుకోకండి. ఏసీ గదిలో ఆ ఘాటుకు తలనొప్పి వస్తుంది, నాకు వచ్చింది కూడా.

రెస్ట్‌రూమ్‌లో నడుం మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు వీరుడిలా నిలబడితే ధైర్యం వస్తుందని కొందరు చెబుతారు. 2010లో వచ్చిన ఒక పరిశోధన దీనికి మూలం. ఆ భంగిమ వల్ల ఒంట్లో హార్మోన్లు కూడా మారతాయని అందులో రాశారు. తర్వాత 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్ల మార్పేమీ కనిపించలేదు. ఆ పరిశోధకుల్లో ఒకరైన డేనా కార్నీ తనకే ఆ ఫలితాల మీద నమ్మకం లేదని 2016లో ప్రకటించింది. నిలబడాలనిపిస్తే నిలబడండి, నష్టమేమీ లేదు. నేనైతే నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమంటాను. నాలుగైదుసార్లు అలా చేస్తే గుండె దడ నెమ్మదిస్తుంది.

రిసెప్షన్‌లో కూర్చున్నప్పుడు ఫోన్‌లోకి దూరిపోకండి. మా ఆఫీసులో ఫ్రంట్ డెస్క్ అమ్మాయి అప్పుడప్పుడు ఒక మాట చెబుతుంది, "ఆ బ్లూ షర్ట్ అబ్బాయి సెక్యూరిటీ అంకుల్ మీద అరిచాడండీ" అని. అది మార్కుల్లో ఎక్కడా కనిపించదు గానీ మా చెవిలో ఉండిపోతుంది. ఫైలు ఎడమ చేత్తో పట్టుకుని కూర్చోండి. పిలిచినప్పుడు కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి. అరచెయ్యి చెమట పడితే పిలవకముందే రుమాలుతో తుడుచుకోండి.

తలుపు నుంచి కుర్చీ దాకా

ఈ పది అడుగుల దగ్గరే చాలామంది తడబడతారు, కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

తలుపు మీద రెండుసార్లు తట్టి, తెరిచి, "మే ఐ కమ్ ఇన్" అనండి. తల ఒక్కటే లోపలికి పెట్టి, ఒళ్లంతా బయట ఉంచి అడగకండి. దొంగచాటుగా తొంగి చూసినట్టుంటుంది. లోపలికొచ్చాక తలుపును చేత్తో పట్టుకుని మెల్లగా మూయండి. దానంతటదే మూసుకునే తలుపైతే వదిలేయండి, దాంతో కుస్తీ వద్దు.

తల ఎత్తి, గదిలో ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి. అందరికీ కలిపి ఒకే గుడ్ మార్నింగ్ చాలు. ముగ్గురికీ విడివిడిగా మూడుసార్లు వంగి వంగి చెబితే హారతి ఇచ్చినట్టు ఉంటుంది. షేక్‌హ్యాండా, నమస్కారమా? వాళ్లు చెయ్యి చాపితే ఇవ్వండి, చాపకపోతే మీరు చాపకండి. ఎదుట ఉన్నది ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఇదే పద్ధతి. చెయ్యి ఇచ్చేటప్పుడు అరచెయ్యి మొత్తం కలవాలి, వేళ్ల చివర్లు అందించి వెనక్కి లాక్కోకూడదు. రెండో చెయ్యి కూడా తెచ్చి పట్టుకోవడం మనకు గౌరవమే గానీ ఇక్కడ ఒక చెయ్యి చాలు. మీకు చెయ్యి కలిపే అలవాటు లేకపోతే నిటారుగా నిలబడి, నవ్వుతూ నమస్కారం పెట్టండి. ఎవరూ తప్పుపట్టరు.

కూర్చోమన్నాక కూర్చోండి. ఎంతకీ అనకపోతే "కూర్చోవచ్చా సర్" అని అడగండి. కుర్చీని ఈడ్చకండి, కొంచెం ఎత్తి జరపండి. చక్రాల కుర్చీ అయితే ఒక చెయ్యి దాని మీద వేసి కూర్చోండి. ఒకసారి మా గదిలో ఒక అబ్బాయి కూర్చోబోతుంటే కుర్చీ వెనక్కి జారిపోయింది. పాపం పడలేదు గానీ బల్ల పట్టుకుని వేలాడాడు. మరుక్షణం తనే నవ్వేసి, "చక్రాలు చూసుకోలేదు సర్" అని సర్దుకుని కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే మేం అతన్ని ఇష్టపడింది అక్కడే.

బ్యాగు ఒళ్లో పెట్టుకోకండి. బస్సులో సీటు దొరికినవాడిలా ఉంటుంది. కుర్చీ పక్కన నేల మీద పెట్టేయండి, ఫైలు మాత్రం మీ దగ్గర ఉంటే చాలు.

కూర్చున్నాక

కుర్చీ అంచు మీద కూర్చోవడం మన వినయాల్లో మొదటిది. పెద్దవాళ్లు రమ్మన్నప్పుడు సోఫా చివర ఆనీ ఆననట్టు కూర్చుంటాం చూడండి, అలా. నడుం కుర్చీకి తగిలేలా పూర్తిగా కూర్చోండి. రెండు పాదాలూ నేల మీద ఉంటే కాళ్లు ఊపడం సగం తగ్గిపోతుంది. కాళ్లు ఊపితే దరిద్రం అని మన నాయనమ్మలు అన్నది దేనికో గానీ, బల్ల అదురుతుంటే మా పెన్ను మాత్రం సరిగ్గా సాగదు. చేతులు తొడల మీదో బల్ల అంచు మీదో ఉంచండి. చెప్పేటప్పుడు అవి కాస్త కదిలితే కదలనివ్వండి, కట్టేసినట్టు ఉండక్కర్లేదు. చేతులు కట్టుకోవడం మాత్రం వద్దు. క్లాసులో క్రమశిక్షణ అనిపించుకున్నది ఇక్కడ ముభావంగా కనిపిస్తుంది.

ఇక కళ్లు. పెద్దవాళ్ల కళ్లలోకి చూడటం పొగరని విని పెరిగినవాళ్లకు ఇదే అన్నిటికంటే కష్టం. కళ్లలోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడండి. బల్లకు ఇవతల నుంచి మాకు తేడా తెలియదు. గుచ్చి గుచ్చి చూడమని కాదు. ఒక వాక్యం చెప్పేంతసేపు చూసి, ఆలోచించేటప్పుడు చూపు పక్కకు తిప్పి, మళ్లీ రావచ్చు. ముగ్గురు కూర్చుంటే, ప్రశ్న అడిగినవారి వైపు చూస్తూ మొదలుపెట్టండి, మధ్యలో మిగతా ఇద్దరినీ కలుపుకోండి, మళ్లీ అడిగినవారి దగ్గరే ముగించండి. ఒక మేడమ్ ప్రశ్న అడిగితే పక్కనున్న సర్ వైపు చూస్తూ జవాబు చెప్పే అబ్బాయిల్ని చాలామందినే చూశాను. ఆ మేడమ్ గమనించకుండా ఉంటారా?

తల ఊపడం గురించి ఒక సంగతి చెప్పాలి. మనం సరేనన్నప్పుడు తలను ఇటూ అటూ పక్కలకు ఊగిస్తాం. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయిని వీడియోలో అమెరికా మేనేజర్ "నైట్ షిఫ్ట్ చేయడం మీకు కుదురుతుందా?" అని అడిగాడు. ఆమె చక్కగా నవ్వి తల ఊగించింది, మన పద్ధతిలో. నోటితో ఏమీ అనలేదు. కాల్ అయ్యాక ఆయన రాసిన నోట్‌లో "నైట్ షిఫ్ట్‌కు ఒప్పుకోలేదు" అని ఉంది. ఆ ఊపుకి అర్థం అవునని నేను విడమరిచి చెబితే గానీ ఆ అమ్మాయి పేరు జాబితాలోకి ఎక్కలేదు. ప్రతిచోటా అలా చెప్పేవాళ్లు ఉండరు. కాబట్టి తల ఎలా ఊపినా సరే, వెంట ఒక "యెస్" కూడా అనేయండి.

ప్రతి వాక్యం చివరా "సర్" తగిలించడం ఇంకొకటి. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, మధ్యలో అవసరమైతే ఒకసారి. అంతకు మించితే మాట కంటే సర్ ఎక్కువ వినిపిస్తుంది.

జవాబు తెలియకపోతే చాలామందికి ముందు భుజాలు కుంగుతాయి, తర్వాత గొంతు తగ్గుతుంది, ఆపైన తల పట్టుకుంటారు. తెలియదన్న మాట కంటే ఆ కుంగిపోవడమే మాకు ఎక్కువ గుర్తుంటుంది. అంతకుముందు కూర్చున్నట్టే కూర్చుని, అదే గొంతుతో "ఇది నాకు తెలియదు సర్. దీనికి దగ్గరగా ఉన్న ఫలానా విషయం చదివాను" అనండి. ఎన్ని తెలియదులు చెప్పినా తర్వాతి ప్రశ్నకు మళ్లీ తాజాగా తల ఎత్తేవాళ్లు గుర్తుండిపోతారు.

మీ మర్యాదల్లో అలాగే ఉంచుకోవాల్సినవీ ఉన్నాయి సుమా. మధ్యలో ఎవరైనా లోపలికొస్తే చటుక్కున లేవబోవడం, నీళ్లిస్తే థాంక్స్ చెప్పడం, మాట్లాడేవారిని పూర్తి చేయనివ్వడం, ఇవన్నీ ఏ దేశంలోనైనా చెల్లుతాయి.

వీడియోలో అయితే

లాప్‌టాప్‌ను అలాగే బల్ల మీద పెడితే కెమెరా మీ ముక్కు కింద నుంచి చూస్తుంది. కింద నాలుగు లావు పుస్తకాలో, బోర్లించిన స్టీలు డబ్బానో పెట్టి కెమెరాను కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. కిటికీకి ఎదురుగా కూర్చోండి. వీపు వెనక కిటికీ ఉంటే మీరొక నీడలా కనిపిస్తారు. మాట్లాడేటప్పుడు తెర మీది ముఖాన్ని కాకుండా కెమెరా చుక్కను చూడండి. దాని పక్కన ఒక చిన్న స్టిక్కర్ అంటించుకుంటే గుర్తుంటుంది. పక్కన ఇంకో తెర మీద జవాబులు పెట్టుకుని చదువుతుంటే కళ్లు ఎడమ నుంచి కుడికి కదులుతూ పట్టించేస్తాయి. దొరికిపోయామని మీకు తెలియదు, మాకు తెలుస్తుంది.

వెనక దేవుడి క్యాలెండర్ ఉంటే ఏం ఫర్లేదు. ఆరేసిన తువ్వాళ్లు మాత్రం తీసేయండి. కరెంటు పోతే పనికొస్తుందని ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. ఇంట్లోవాళ్లకు సమయం చెప్పి, ఆ గంటసేపు కుక్కర్ పెట్టొద్దని అడగండి. అయినా కూత వస్తే నవ్వి "సారీ, వంటిల్లు పక్కనే" అనేసి కొనసాగించండి.

ప్రభుత్వ ఉద్యోగాలకైతే

కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-సి, గెజిటెడ్ కాని గ్రూప్-బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. సివిల్స్‌కు మాత్రం ఉంది. ఢిల్లీలో షాజహాన్ రోడ్డులోని ధోల్పూర్ హౌస్‌లో జరిగే ఆ పర్సనాలిటీ టెస్టుకు (ఇంటర్వ్యూకే ఆ పేరు) మొత్తం 2025 మార్కుల్లో 275 మార్కులు ఉంటాయి. అక్కడ మీరు చెయ్యి చాపే ప్రసక్తి ఉండదు. నిలబడి అందరికీ కలిపి నమస్కారం పెట్టి, చైర్‌పర్సన్ కూర్చోమన్నాకే కూర్చోవాలి. మిగతాదంతా పైన చెప్పినదే. తెలుగులో మెయిన్స్ రాసినవారికి తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చే వీలుంది. ఇంగ్లిష్‌లో వెతుక్కుంటూ కుంచించుకుపోయేవాళ్లు సొంత భాషలో ఎలా నిటారుగా కూర్చుంటారో ఒకసారి పైన చెప్పిన ఫోన్ వీడియోతోనే పరీక్షించుకుని, ఆ తర్వాత భాష ఎంచుకోండి.

బయటికి వచ్చేటప్పుడు

అయిపోయిందనగానే ఫైలు, పెన్ను, కాయితాలు గబగబా కుక్కేయకండి. నింపాదిగా తీసుకుని, లేచి, అందరికీ కలిపి థాంక్స్ చెప్పి, కుర్చీ లోపలికి జరిపి రండి. ఎలా చేశాను సర్ అని అడగకండి. వెనక్కి వెనక్కి నడవక్కర్లేదు, అదేమీ గర్భగుడి కాదు.

లిఫ్టులో ఫోన్ చేసి "అమ్మా, ఆ నల్ల కోటాయన చంపేశాడు" అని చెప్పకండి. ఆ నల్ల కోటాయన టీ తాగడానికి మీ వెనకే దిగుతుంటాడు. నేనే ఒకసారి అలా వెనక నిలబడి విన్నాను. గేటు దాటాక చేయండి. అంతకంటే ముందు మెడలో విజిటర్ ట్యాగు తీసి సెక్యూరిటీకి ఇచ్చేయండి. మరిచిపోయి మెట్రో ఎక్కేసినవాళ్లు దాన్ని తిరిగివ్వడానికి మర్నాడు మళ్లీ రావాల్సి వస్తుంది.